పది నిమిషాల వేషం

ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు చిన్నకోడలు టీవీ పెట్టుకుంటుంది, దాని గొంతు పూర్తిగా నొక్కేసి. పక్కనే మంచం మీద మావగారు కునుకు తీస్తారు మరి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి కాస్త వినిపించేలా పెడితే, "బొమ్మ కదులుతోంది కదా, నీకు మాటలు కూడా కావాలా?" అన్నాడు భర్త. ఇంటిల్లిపాదీ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారాయె.

అలా పద్దెనిమిదేళ్ళుగా ఎవరికీ పట్టని పాత సినిమాలన్నీ మూగగానే చూసింది. వాటిలో ఒకావిడంటే ఆమెకు ప్రాణం. పేరు తెలియదు, పేర్లు పడే వేళకి ఈమె ఇంకా అంట్ల దగ్గరే ఉంటుంది. ఒక సినిమాలో ఆవిడది పట్టుమని పది నిమిషాల వేషం. మొగుడు ఏదో హుకుం జారీ చేస్తాడు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటున్నదల్లా ఆవిడ ఆగిపోయి, కళ్ళెత్తి అతన్ని చూస్తుంది. పెదవులు కొంచెం కదులుతాయి. 'నా వల్ల కాదు' అంటోందని చిన్నకోడలు ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆ రోజు ఆమెకు సెలవు. పొద్దున భర్త ఒక కాగితం బల్లమీద పెట్టాడు. నాన్నకి ఇక రోజంతా మనిషి కావాలి, నువ్వు ఉద్యోగం మానెయ్యి, రాజీనామా నేనే రాశాను, సంతకం పెట్టి ఉంచు అన్నాడు. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చెయ్యడం కూడా ఒక ఉద్యోగమా అన్నాడు. నిజమే, నిలబడి నిలబడి పాదాలు వాచిపోతాయి. కానీ ఆమెను పేరు పెట్టి పిలిచేది అక్కడొక్కచోటే.

మధ్యాహ్నం మావగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఖాళీ ఇంట్లో టీవీ పెడితే అదే సినిమా. మళ్ళీ ఇన్నాళ్ళకి దాని గొంతు పెంచింది. ఆవిడ కళ్ళెత్తింది, పెదవులు కదిలాయి. "అలాగేనండీ" అని వినబడింది.

చిన్నకోడలు టీవీకి దగ్గరగా జరిగింది. ఇన్నేళ్ళూ తప్పు చూశానా అనుకుంది. కాదు. ఆ చేతులు ఆగిన తీరు, ఆ చూపు అబద్ధం కాదు. ఒప్పుకున్నది గొంతు, మనిషి ఒప్పుకోలేదు. ఎంత బాగా చేసింది మహాతల్లి అని కళ్ళు తుడుచుకుంటుంటే, తెరమీద ఆ మొగుడు హాయిగా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వాడికి వినబడిన మాట చాలింది. మొహం చూసే పని వాడికేం పట్టింది? తన మొహం మాత్రం ఈ ఇంట్లో ఎవరు చూశారు గనక?

సాయంత్రం మావగారిని మంచం మీద పడుకోబెట్టి, భర్త కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "సంతకం లేదేం? పెన్ను దొరకలేదా?"

"దొరికింది. నేను పెట్టను. రేపు డ్యూటీకి వెళ్తున్నాను. మావయ్యగారిని ఎవరు చూసుకోవాలో మీ అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకోండి."

మాట ఎక్కడా ఆగలేదు. మంచం మీది మావగారు మెల్లగా తల తిప్పి, ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు ఆమె మొహంలోకి చూశారు.