తలోచెయ్యి

చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు జిగురు. ఏ పని పట్టుకున్నా దానికే అంటుకుపోతుందని. ఆగిపోయిన గడియారం విప్పిందంటే అది మళ్లీ నడిచేదాకా కంచం దగ్గరికి వచ్చేది కాదు. ఇప్పుడు ముప్పై దాటాయి, ఒక బస్సుల కంపెనీలో టికెట్ల సాఫ్ట్‌వేర్ చూసుకునే ఉద్యోగం చేస్తోంది. అయినా ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. అన్నయ్యకు పెళ్లయ్యాకైనా అది మరుగున పడుతుందనుకుంది. నెల తిరక్కుండానే వదిన కూడా "జిగురూ" అనడం మొదలుపెట్టింది.

వదినది కొండల చదువు. ఏ కొండవాలు ఎంత వానకు నిలుస్తుంది, ఎంత వానకు జారి కింది రోడ్డు మీద పడుతుంది అన్నది ఆమె పరిశోధన. ఒక్కో వాలుకూ మట్టి లోతు, రాతి తీరు, చెట్ల వేళ్లు అన్నీ లెక్కలో పెట్టి, వానను కొద్దికొద్దిగా పెంచుతూ కంప్యూటర్ చేత వేలసార్లు లెక్క కట్టించాలి. వానాకాలం మొదలయ్యేలోగా రోడ్ల శాఖవాళ్లతో సమావేశం ఉంది. జడివాన పట్టుకుంటే ఏ రోడ్డు మూసెయ్యాలో ఆమె లెక్కలు చూసి వాళ్లు నిర్ణయించుకుంటారు. తీరా చూస్తే, విశ్వవిద్యాలయంలోని పెద్ద కంప్యూటర్ దగ్గర ఆమె వంతు వానలు వెలిశాక గాని రాదట.

ఆ సంగతి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర బయటపడింది. బల్ల సగం నిండా మ్యాపులే. అన్నయ్య కంచాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

"బతిమాలాను, మొత్తుకున్నాను. గోడకు చెప్పుకున్నట్టే ఉంది," అంది వదిన.

జిగురు గది చుట్టూ చూసింది. సోఫా మీద అన్నయ్య ల్యాప్‌టాప్, మ్యాపుల కింద వదినది, మూలన దుప్పటి కప్పుకుని పాత కంప్యూటర్.

"ఈ ఒక్క ఇంట్లోనే మూడు కంప్యూటర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి వదినా. ఊళ్లో ఎన్ని ఉంటాయో."

"ఉంటే? అరువడుగుతావా?"

"కంప్యూటర్ అక్కర్లేదు, దాని ఖాళీ సమయం చాలు. నీ పనిని చిన్నచిన్న ముక్కలు చేద్దాం. ఇష్టపడినవాళ్ల కంప్యూటర్‌కి ఒక్కో ముక్క పంపిద్దాం. మనిషి దాన్ని వాడుకోనప్పుడు అది మన ముక్క లెక్కగట్టి జవాబు తిరిగి పంపిస్తుంది. ఇలాంటివి పెద్ద ఎత్తున ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే వాటిని నడపాలంటే ఒక జట్టు కావాలి. మనకంత హంగు వద్దు. నేనొక చిన్నది రాస్తాను."

"నీకు ఆఫీసు లేదా?"

"పొద్దున్నే ఉండదుగా."

అన్నయ్య కంచం పెట్టి నవ్వాడు. "అంటుకుంది. ఇక వదలదు."

అన్నట్టే వదల్లేదు. రోజూ తెల్లవారకముందే లేచి, ఆఫీసు బస్సు వచ్చేదాకా రాసింది. రాసిన ప్రతి అక్షరాన్నీ ఎవరైనా చూసుకునేలా మొదటినుంచీ ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టింది. సగం వండిన వంట అందరికీ చూపించడమెందుకని వదిన అడిగితే, "ముక్కూ మొహం తెలియనివాళ్ల కంప్యూటర్‌లో మన ప్రోగ్రాం పెట్టుకోమంటున్నాం. లోపల ఏముందో చూసుకునే వీలు లేకపోతే ఎందుకు పెట్టుకుంటారు? నేనైతే పెట్టుకోను," అంది. పేరు మాత్రం అన్నయ్య పెట్టాడు. తలోచెయ్యి.

అందరికీ విడుదల చేసే ముందు తెలిసినవాళ్ల దగ్గర నడిపి చూద్దామనుకున్నారు. ఆఫీసులో నలుగురు, వదిన విద్యార్థులు కొందరు ఒప్పుకున్నారు. అందరికంటే పెద్ద చెయ్యి టైపు మాస్టారిది. అన్నాచెల్లెళ్లిద్దరికీ చిన్నప్పుడు టైపు నేర్పింది ఆయనే. బట్టల కొట్టు పైన పొడుగాటి గదిలో ఆయన ఇన్‌స్టిట్యూట్. రెండు వరుసల్లో పన్నెండు కంప్యూటర్లు, పిల్లలు వచ్చేది సాయంత్రమే. "పగలంతా ఖాళీయే అమ్మాయ్, కొండలే మోయించుకో," అన్నాడాయన. పైగా గుమ్మం పక్కనున్న బోర్డు మీద "ఇచ్చటి కంప్యూటర్లు ప్రజల మేలు కోసం కూడా పని చేయుచున్నవి" అని సుద్దముక్కతో రాసిపెట్టాడు.

జవాబులు వరసగా రావడం మొదలైంది. వదిన ముఖంలో కళ వచ్చింది. అన్నీ సవ్యంగా సాగుతున్నాయనుకుంటున్న సమయంలో, ఒక రోజు భోజన విరామంలో జిగురుకు ఫోన్ చేసింది.

"జిగురూ, చుక్క వాన లేకుండా కొండ జారింది."

"ఎక్కడ?"

"నీ ప్రోగ్రాంలో. వాన సున్నా, కొండ రోడ్డు మీద. ఒకటి కాదు, ఇలాంటివి ఇంకా కొన్నున్నాయి."

ఆ సాయంత్రం ఇద్దరూ భోజనాల బల్లకు చెరోవైపు కూర్చున్నారు. తప్పు వదిన సూత్రంలో ఉందని జిగురు, జిగురు ప్రోగ్రాంలో ఉందని వదిన. కాసేపు మాటా మాటా పెరిగింది. అన్నయ్య ఎటూ చెప్పకుండా వంటగదిలోకి తప్పుకున్నాడు. చివరికి జిగురు ఆ వింత ముక్కల్నే తీసుకుని తన ల్యాప్‌టాప్ మీద మళ్లీ నడిపింది. కొండలు కదల్లేదు. వదిన ల్యాప్‌టాప్ మీద నడిపినా కదల్లేదు. అంటే సూత్రం మంచిదే, ప్రోగ్రామూ మంచిదే. మరి ఆ ముక్కలు మొదట ఏ కంప్యూటర్లకు వెళ్లాయో వెతికింది. అన్నీ మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌కే. అందులోనూ మూడంటే మూడు కంప్యూటర్లు.

"వాటి మెమరీ చిప్పులు పాడై ఉంటాయి," అంది జిగురు. "టైపు చేసేటప్పుడు ఎవరికీ తెలియదు. ఇంతింత లెక్కలు చేసినప్పుడు ఎక్కడో ఒక అంకె తారుమారవుతుంది."

వదిన గుండెల మీద చెయ్యి వేసుకుంది. "హమ్మయ్య. ఆ వింత జవాబులు తీసి పారేద్దాం. పని ఆగదుగా."

"కంటికి కనబడ్డవి తీసేస్తాం. కనబడనివో?"

వదిన మ్యాపు మీంచి తలెత్తింది.

"నిలిచే కొండ జారిందంటే నవ్వుకుంటాం. జారే కొండను నిలుస్తుందని చెప్పి ఉంటే? ఆ రోడ్డు మీద బస్సులు తిరుగుతాయి వదినా. వాటికి టికెట్లు కొట్టేది మా కంపెనీయే. మాస్టారి దగ్గర్నుంచి వచ్చినవే కాదు, ఎవరి దగ్గర్నుంచి వచ్చినవైనా సరే, ఒక్క కంప్యూటర్ మాట నమ్మడం నా తప్పు. ప్రతి ముక్కనూ ఇద్దరికి పంపాలి. ఇద్దరి జవాబూ ఒకటైతేనే తీసుకోవాలి. తేడా వస్తే మూడోవాళ్లను అడగాలి."

"అంటే పని రెట్టింపు. సమావేశానికి సగం కొండలు కూడా తేలవు. నేను వెళ్లి నీళ్లు నమలాలా?"

"వాలంటీర్లను రెట్టింపు చేద్దాం. తెలిసినవాళ్లతో సరిపెట్టుకోకుండా అందరికీ విడుదల చేద్దాం."

"ఎవరొస్తారే?"

"తెలియదు. ఇప్పటిదాకా వచ్చినవన్నీ మాత్రం చెరిపెయ్యాలి. మొదటినుంచి మొదలెట్టాలి."

వదిన కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లి నిలబడింది. ఇన్నాళ్ల జవాబులను తన చేత్తోనే చెరిపెయ్యమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. జిగురు వెనకాల వెళ్లలేదు, తన మాటా మార్చుకోలేదు. చాలాసేపటికి వదిన తిరిగి వచ్చి, ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, "చెరపడానికి ఏది నొక్కాలో చెప్పు. నువ్వు నొక్కితే నిన్ను తిట్టుకుంటాను, నేనే నొక్కుతాను," అంది.

మాస్టారికి ఫోన్‌లో చెప్పడానికి జిగురుకు మనసొప్పలేదు. మర్నాడు ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్లింది. కీబోర్డుల చప్పుడు ఆగి, పిల్లలు మెట్లు దిగిపోయేదాకా వెనక బెంచీ మీద కూర్చుంది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ మూడు కంప్యూటర్ల మెమరీని పరీక్షించే ప్రోగ్రాం ఆయన కళ్ల ముందే నడిపింది. మొదటిదాని తెర మీద ఎర్ర గీతలు వచ్చాయి. రెండోదాని మీదా వచ్చాయి. మూడోది చూడకుండానే మాస్టారు కళ్లజోడు తీసేశాడు.

"తప్పుల్లేకుండా కొట్టడం నేర్పి బతుకుతున్నవాణ్ణి. నా దగ్గరే తప్పులంటావు."

"మీ తప్పు కాదు మాస్టారూ. చిప్పులు..."

"సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఎవరికైనా నేను పరీక్ష పెడతాను. నీకూ పెట్టాను, రెండుసార్లు తప్పావు. మరి నువ్వు నా మిషన్లకు పరీక్ష పెట్టకుండా పనెందుకిచ్చావు? ముందే చెప్పి ఉంటే ఆ మూడూ కట్టేసేవాణ్ణి. బోర్డు కూడా రాసుకున్నాను."

ఆయన వరసగా పన్నెండు కంప్యూటర్లూ ఆపేశాడు. బాగున్న తొమ్మిదింటినైనా ఉంచమని అడిగే మొహం ఆమెకు లేకపోయింది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చింది. బస్టాపు చేరేసరికి మాత్రం అవమానం వెనక్కి తగ్గి ఆయన మాట ముందుకు వచ్చింది. పరీక్ష పెట్టకుండా పనెందుకిచ్చావు?

బస్సులో నిలబడే ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టింది. జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి. ఏ కంప్యూటర్ కొత్తగా చేరినా మొదట అది చెయ్యాలి. చేరాక కూడా అప్పుడప్పుడూ చెప్పాపెట్టకుండా అదే రకం లెక్క మరొకటి వస్తుంది. తప్పితే ప్రోగ్రాం పని ఇవ్వకుండా, "మీ కంప్యూటర్ మెమరీని ఒకసారి చూపించుకోండి" అని ఆ యజమానికి మర్యాదగా చెబుతుంది. ఆ మాట ఇంకెవరికీ కనబడదు.

ఆ పరీక్షా, ఇద్దరిని అడిగే పద్ధతీ రాయడానికి తల ప్రాణం తోకకు వచ్చింది. ఒక కొసన సరిచేస్తే మరో కొసన ఊడేది. రెండు వేర్వేరు రకాల కంప్యూటర్లు చిట్టచివరి దశాంశంలో కాస్త తేడాగా జవాబిస్తుంటే దాన్ని కూడా తప్పుగా లెక్కించి అందరినీ వెళ్లగొట్టింది ప్రోగ్రాం. ఎంత తేడా వరకూ పరవాలేదో వదిన కూర్చుని తేల్చింది. అలా అది ఒక కొలిక్కి వచ్చింది.

విడుదల ప్రకటన రాసేటప్పుడు మళ్లీ ఇద్దరికీ వాదన వచ్చింది. జిగురు అందులో మొదటి రూపం ఎలా మోసపోయిందో, ఎన్ని జవాబులు పారేశారో అంతా రాసింది. మాస్టారి ఊసు లేదు.

"మన తప్పు మనమే దండోరా వేసుకోవాలా?" అంది వదిన.

"లేకపోతే ఈ పద్ధతి ఎందుకు పెట్టామో ఎవరికీ అర్థం కాదు. పని రెట్టింపు ఎందుకని రేపు ఎవరో తీసేస్తారు."

దాంతో పాటు షరతులు కూడా పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పంచితే అది కూడా అందరికీ తెరిచే ఉంచాలి. ఒక శనివారం పొద్దున బటన్ నొక్కింది.

ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడు ఒకాయన వచ్చాడు, సాయంత్రానికి తిట్టాడు. ప్రయాణంలో ఉండగా తలోచెయ్యి తన ల్యాప్‌టాప్ బ్యాటరీ మొత్తం తాగేసిందట. చూస్తే నిజమే. కరెంటు మీద ఉన్నప్పుడే పని చెయ్యాలన్న మాట ఒక రకం ల్యాప్‌టాప్‌ల మీద చెల్లడం లేదు. జిగురు క్షమాపణ చెప్పి, సరిచేయడానికి కూర్చుంది. సగంలో ఉండగానే ఆ తిట్టినాయనే సరిచేసిన ప్రోగ్రాం ముక్క రాసి పంపించాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: "తెరిచి ఉంది కదా, చూశాను. తప్పు దాచలేదు కాబట్టి ఉంటాను." ఆయన తన స్నేహితులకు చెప్పాడు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు. వారం తిరిగేసరికి చేరినవాళ్ల పేర్లు చదవడం జిగురుకు కష్టమైంది. సగం పేర్లు ఏ భాషవో కూడా తెలియలేదు.

ఆ వరసలో ఒక పొద్దున ఒకే చోటి నుంచి పన్నెండు కంప్యూటర్లు పరీక్షకు వచ్చాయి. తొమ్మిది గట్టెక్కాయి. కాసేపటికి ఫోన్ మోగింది.

"మూడు తప్పాయి," అన్నాడు టైపు మాస్టారు. "చిప్పులు మార్పిస్తున్నాను. మళ్లీ కూర్చోబెట్టొచ్చా, ఒక్కసారే అవకాశమా?"

"ఎన్నిసార్లైనా మాస్టారూ. నాకు మీరిచ్చినట్టే."

"పరీక్ష బాగానే పెట్టావు," అని ఫోన్ పెట్టేశాడు.

సమావేశం నాటికి కొండలన్నీ తేలలేదు. మూడింట రెండు వంతులు తేలాయి. మిగిలినవాటికి వదిన మ్యాపు మీద బూడిద రంగు వేసింది. రోడ్ల శాఖ పెద్దాయన ఆ రంగు మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడట. తెలియదని అర్థం అందట వదిన. అంత డబ్బు పెట్టి చదివి తెలియదంటారేమిటని అతను విసుక్కుంటే, తెలిసినవి ఎంత గట్టిగా తెలుసో, ఒక్కో జవాబును ఎంతమంది కంప్యూటర్లు సరిచూశాయో చూపించిందట. చాలాసేపు నలిగాక రెండు చోట్ల జడివానలో రోడ్డు మూసెయ్యడానికి ఒప్పుకున్నారు. మూడోచోట ఒప్పుకోలేదు. దాని కోసం మళ్లీ అడుగుతానని వదిన చెప్పి వచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే, "మూడోదానికి ఇంకా గట్టి లెక్కలు కావాలి," అంది. "బూడిద రంగువి ఎప్పటికి తేలతాయి?"

"వానలు పడుతుండగానే తేలతాయి. ఆపనుగా," అంది జిగురు. తెర మీదనుంచి తల తిప్పలేదు.

"ఇప్పుడేం చేస్తున్నావ్?"

"ఎవరో వినికిడి లేని పిల్లల కోసం ఏవో శబ్దాల లెక్కలు చేస్తున్నారట. తలోచెయ్యి వాడుకోవచ్చా, అనుమతి ఇస్తారా అని రాశారు. అనుమతి అక్కర్లేదు, షరతులు చదువుకోండి అని రాశాను. వాళ్ల దగ్గరున్న పాత కంప్యూటర్ల మీద అది లేవడం లేదట."

"మరి?"

"మరేముంది, లేపాలి."

వదిన ఇంకో కుర్చీ లాక్కుంది. "పాతవంటే ఎంత పాతవి? చూపించు."