వదలమన్న మాట

ఇస్త్రీ యంత్రం పలక దిగినప్పుడల్లా ఆవిరి వచ్చి పెద్దకోడలి ముఖాన కొడుతోంది. పొద్దుటి నుంచి ఆస్పత్రి దుప్పట్లు గుట్టలుగా వస్తూనే ఉన్నాయి. ఆమె కాలు తొక్కుడుకర్ర మీద ఉన్నంతసేపే ఆ వేడి పలక పైన నిలుస్తుంది. కాలు తీస్తే బల్ల మీద పరిచిన దుప్పటి మీదికి దబ్బున దిగుతుంది. అవతల దుప్పటి పరిచేది ఇవాళ కొత్త మనిషి. పోయిన నెల దాకా అక్కడ చిన్నకోడలు నిలబడేది. ఇద్దరూ ఒకే ఇంటి తోడికోడళ్ళు కావడంతో లాండ్రీలో వాళ్ళ పేర్లు ఎవరికీ పట్టలేదు.

"ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరమ్మ ఇవాళే వస్తోందట," అంది మడతలు పెట్టే ముసలామె. "శాంతిసారు తెల్లారగట్లే స్పీకరు విప్పించేశాడు, చూశావా? పాపం, మేకులు పీకడం మరిచిపోయాడు మహానుభావుడు."

"నవ్వించకు పిన్నీ. నవ్వితే కాలు జారుతుంది."

శాంతిసారు అంటే యజమాని. ఎంత చిన్న మనిషినైనా మీరు అనే పిలుస్తాడు. పని మొదలుకాక ముందు అందరినీ కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, బుద్ధుడు చెప్పిన ఎరుక గురించి, ఓర్పు గురించి మెత్తగా చెబుతాడు. గోడ మీద పంచశీలాలు రాయించాడు. జీతం పెంచమంటే కోరికే దుఃఖానికి మూలమంటాడు. పలక కింద చెయ్యి ఉంటే దాన్ని దిగనివ్వకుండా ఆపే ఇనుపకమ్మీ ఒకటి ఆ యంత్రానికి ఉండేది. పని నిదానిస్తోందని దాన్ని ఊడదీయించిందీ ఆయనే.

ఆ తర్వాత బల్ల దగ్గర మిగిలిన కాపలా ఒక్క మాటే. ఆవిరిలో అవతలి మనిషి కనపడదు. దుప్పటి సరిచేసి, చేతులు వెనక్కి తీసుకుని, చిన్నకోడలు "వదులు!" అని అరిచేది. పెద్దకోడలు కాలు తీసేది. రోజంతా అదే మాట. చెవి కంటే ముందు కాలే వినేది.

పోయిన నెల శాంతిసారు తన బోధలు రికార్డు చేయించి, పని జరుగుతుండగా కూడా వినాలని స్పీకరు పెట్టించాడు. మనుషుల్ని మీరు అనేవాడే అయినా రికార్డులో మనసును మాత్రం నువ్వనే పిలిచాడు. "ఓ మనసా, కోపాన్ని వదులు... కోరికను వదులు... వదులు..." ఆ యంత్రాల హోరులో ఎవరి గొంతో తెలియదు, మాట ఒక్కటే తెలుస్తుంది. పెద్దకోడలి కాలు ఆ మాట విన్నది. చిన్నకోడలి కుడిచెయ్యి ఇంకా పలక కిందే ఉంది.

ఆస్పత్రిలో కట్టు మీదుగా ఎడమచేత్తో చిన్నకోడలే ఆమె కళ్ళు తుడిచింది.

"నీ మీద నాకు కోపం లేదక్కా."

"వాడి మీద?"

"పెట్టుకోను. పెట్టుకుంటే చెయ్యి వస్తుందా? కానీ అబద్ధానికి మాత్రం ఒప్పుకోకు. గోడ మీద అది కూడా రాశాడుగా."

"నువ్వు పెట్టుకోకు తల్లీ. నీ వంతు కూడా నేనే పెట్టుకుంటాను."

అలాగే పెట్టుకుంది. అన్నం కలుపుతున్నా అతని చెయ్యే కనిపించేది. ఉంగరం లేని, గోళ్ళు నున్నగా తీసుకున్న ఆ చెయ్యి పలక కింద ఎలా ఉంటుందో, ఎలాంటి చప్పుడవుతుందో. ఆ ఊహ వచ్చాకే ఆమెకు ముద్ద దిగేది.

నిన్న శాంతిసారు ఆమెను గదిలోకి పిలిచి మంచినీళ్ళు ఇచ్చాడు. "మీ ఎరుక తప్పింది, అంతే కదమ్మా. ఆ ఒక్క మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పండి. మీ పనికి నాదీ పూచీ." తప్పు పనివాళ్ళదే అని తేలితే చిన్నకోడలికి నష్టపరిహారం అందదు. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఇన్‌స్పెక్టరు వచ్చింది. చెమటలు కారుతున్న కొత్తమనిషిని చూసి ముందు వెళ్ళి నీళ్ళు తాగిరమ్మంది. తర్వాత కమ్మీ వైపు చూసింది. ఆ పొద్దునే తెచ్చి బిగించిన కమ్మీ అది. ఊరికే బిగించారు, యంత్రానికి కలపలేదు.

"ఇది ఎప్పటినుంచి ఉంది?"

"మొదటినుంచీ అండీ," అన్నాడు శాంతిసారు. "ఇది ఉండగా పలక దిగనే దిగదు. చూడండి." నవ్వుతూ అరచెయ్యి బల్ల మీద పరిచాడు. పెద్దకోడలి వైపు తిరిగి, "చెప్పండమ్మా, జరిగింది. మనసులో బరువు పెట్టుకోకండి," అన్నాడు.

నున్నటి గోళ్ళు. పైన పలక. తొక్కుడుకర్ర మీద ఆమె కాలు.

కోపం కాలి దాకా వచ్చింది. రావడం ఆమెకు తెలిసింది. కళ్ళు మూసుకుని కూర్చున్న అన్ని పొద్దుల్లోనూ దొరకని ఆ ఎరుక ఇప్పుడు దొరికింది. కోపం ఇక్కడ ఉంది, కాలు ఇక్కడ ఉంది. రెండూ ఒకటి కావు. కాలు కదలలేదు. కోపమూ పోలేదు.

"కమ్మీ ఉంటే దిగదన్నారు కదండీ," అంది. "అయితే చెయ్యి అక్కడే ఉంచండి. వదులుతున్నాను."

"ఏయ్! ఏం చేస్తున్నావే, పిచ్చిదానా!"

చెయ్యి లాక్కుని, కడుపుకి అదుముకుని, రెండడుగులు వెనక్కి దూకాడు. దుప్పట్ల బుట్ట తిరగబడింది. పలక ఉన్నచోటే ఉంది.

"దిగదన్నారుగా," అంది ఇన్‌స్పెక్టరు. "చెయ్యి ఎందుకు తీశారు?"

మడతల బల్ల దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. శాంతిసారు ముఖం పాలిపోవడం పెద్దకోడలు కళ్ళారా చూసింది. వేడన్నం తిన్నంత హాయిగా ఉంది ఆమెకు.

శాంతిసారు తేరుకుని రెండు చేతులూ జోడించాడు. "పగ మనిషిని లోపల్నుంచి తినేస్తుందమ్మా. మీ మంచికే చెబుతున్నాను. క్షమించండి."

"తిననివ్వండి," అంది పెద్దకోడలు. "నేను క్షమించను. కూర్చోండి మేడం, ముందు ఆ గోడమీది మేకుల సంగతి చెబుతాను."

ఆమె కాలు వణకడం మొదలెట్టింది. ముసలామె మడతపెడుతున్న దుప్పటిని అలాగే వదిలేసి వచ్చి, చెప్పు విడిచి, తొక్కుడుకర్ర మీద ఆమె పాదం పక్కనే తన పాదం ఆనించింది.

"నువ్వు చెప్పవే. ఇది నేను పట్టుకుంటాను."