బ్యాటరీకి కొత్త స్విచ్

పొద్దున్నే పాత కారు మళ్లీ మొరాయించింది. ఆయన తాళం తిప్పితే టక్కుమంది, అంతే. తండ్రి నాటి ఆ బండి బ్యాటరీ తెల్లారేసరికి అడుగంటడం ఆ ఇంట్లో మామూలైపోయింది. ఎవరు అబద్ధమాడినా కారు లోపలి దీపం వెలుగుతుంది మరి. చిన్న అబద్ధానికి ఓసారి మినుక్కుమంటుంది. పెద్దదైతే తెల్లార్లూ వెలిగి బ్యాటరీని పీల్చేస్తుంది.

"అంతా మా తమ్ముడి పుణ్యం. సాయంత్రమైతే చాలు, వచ్చి కూర్చుని కోతలే కోతలు!" అని ఆయన పైవాటాలో ఉండే తమ్ముణ్ణి తిట్టుకున్నాడు.

నిజానికి అబద్ధం ఆయన భార్యది. రొమ్ములో గడ్డ చేతికి తగులుతోంది. "అలా వాడిపోయావేం?" అని ఆయన రోజూ అడగడం, "నాకేం, బాగానే ఉన్నాను" అని ఆవిడ తప్పించుకోవడం. ఆస్పత్రంటే హడల్. వాళ్లక్క ఇలాంటి గడ్డకే వెళ్లి మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. దీపం ఏనాటికైనా తన గుట్టు రట్టు చేస్తుందని, కార్ల ఎలక్ట్రీషియన్‌ని ఆవిడే పిలిపించింది.

అతను బానెట్ ఎత్తి, పానాతో నెగటివ్ వైరు ఊడదీశాడు. ఇత్తడి స్విచ్‌ని టెర్మినల్‌కి బిగించి, వైరును దానికి తగిలించాడు. బ్యాటరీకి మధ్యాహ్నం దాకా చార్జింగ్ పెట్టాడు.

"చూడండక్కా, ఈ పచ్చ నాబ్ ఇటు తిప్పితే కరెంటు బంద్. ఇక ఇంటిల్లిపాదీ అబద్ధాలాడుకున్నా ఢోకా లేదు."

అతను అలా వెళ్లాడో లేదో, ఆవిడ నాబ్ తిప్పేసింది.

సాయంత్రం తమ్ముడు ఊళ్లో లేడు. కారు పక్కన కుర్చీలు వేసుకుని ఇద్దరూ టీ తాగుతున్నారు. ఆయన అలవాటుగా అడిగాడు, ఆవిడ అలవాటుగా చెప్పింది. దీపం వెలగలేదు.

"స్విచ్ ఆపేశానండీ," అంది, ఎందుకు చెప్పిందో తనకే తెలీదు.

"నీ మాటకి దీపమెందుకే? నువ్వు చెప్తే చాలదూ!" అని ఆయన టీ ఊదుకున్నాడు.

ఇలా నమ్ముతూ ఉండగానే తను పోతే ఈయన ఏమైపోతాడని ఆవిడకి భయం వేసింది. ఆస్పత్రి భయం దాని ముందు ఏపాటిది! చెప్పేద్దామంటే నోరు పెగల్లేదు. లేచి వెళ్లి, బానెట్ ఎత్తి, నాబ్ వెనక్కి తిప్పింది.

"మళ్లీ అడగండి."

"ఏమని?"

"ఎలా ఉన్నావని."

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నాను."

దీపం వెలిగింది.

ఆయన దీపం వంకా, ఆవిడ వంకా చూశాడు. గ్లాసు కింద పెట్టి, కారు తలుపు తీశాడు.

"ఎక్కు. ఏమిటో దారిలో చెబుదువుగాని."

బండి ఒక్క తిప్పుకే లేచింది. వీధి మలుపు దాటేలోపే ఆవిడ ఏడుస్తూ అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ తడిమి చూసి, "వేళకే వచ్చారు," అంది.