బావ విప్పని రిబ్బను

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర అతను పరుగెత్తుతూనే రెండడుగులు నిద్రపోయాడు. మోకాలు రాయికి కొట్టుకుని మెలకువ వచ్చింది. రాయిని తిట్టాడు, కొండను తిట్టాడు, చివరికి బేకరీ యజమానిని తిట్టాడు. నిజానికి తిట్లు తినాల్సింది ఆయనే. సెలవిస్తానని నెల ముందే ఒప్పుకుని, తీరా నిన్న సాయంత్రం, ఇంకో మనిషి రాలేదు, నువ్వే రావాలన్నాడు. తెల్లవార్లూ పిండి పిసికి, ఆ పిండి చేతులతోనే వచ్చి పరుగుకు నిలబడ్డాడు.

పందొమ్మిదేళ్లుగా అతని బతుకింతే. లోకమంతా లేచే వేళకు పడుకుంటాడు. పక్కింటి మిక్సీ, పైవాటా పిల్లలు, వీధిలో మోటారు సైకిళ్లు పడుకోనివ్వవు. పనిలో అతన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు, తప్పుపట్టినవాళ్లూ లేరు. ఈ అడవిదారి మారథాన్ ఒక్కసారైనా పూర్తి చెయ్యాలన్నదే అతనికున్న ఒకే ఒక పంతం. ఆరేళ్లుగా అదీ తీరలేదు.

అడ్డుపడింది వేరెవరో కాదు, అక్క మొగుడే. పరుగులో అందరికంటే వెనక నడుస్తూ, దారి తెలిసేందుకు చెట్లకు కట్టిన ఎర్ర రిబ్బన్లు విప్పుకుంటూ రావడం బావ పని. ఆయన అందుకున్నవాడి పరుగు అక్కడితో సరి. ఛాతీ మీది నంబరు ఇచ్చేసి ఇంటికి పోవాలి. ఆరుసార్లూ దొరికింది అతనే. బావ నవ్వుతూ చెయ్యి చాపేవాడు.

"బావమరిదివని వదిలేస్తే రేపు నన్నెవరు నమ్ముతార్రా?"

ఒక్క రిబ్బను కూడా వదలని మనిషి. గుండెకు మందులు మొదలయ్యాక, ఈ ఏడాదితో మానేస్తానని అక్కకు మాటిచ్చాడు.

బూటులో గులకరాయి దూరింది. రిబ్బను కట్టిన ఒక చెట్టుకు ఆనుకుని కూర్చుని బూటు విప్పాడు. అంతవరకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బూటు తొడుక్కుని, ముఖం ఎటుంటే అటు పరుగందుకున్నాడు. దారి పల్లంగా ఉంది, కాళ్లు హాయిగా సాగాయి. బావ ఇంకా రాలేదు, ఈసారి గట్టెక్కినట్టే అనుకున్నాడు. కానీ ఏ చెట్టుకూ రిబ్బను లేదు. కట్టినవాళ్లను నోరారా తిట్టుకుంటూ చెమట తుడుచుకోబోతే చేతికి టోపీ తగిలింది. అతను టోపీ తెచ్చుకోలేదు.

తీసి చూశాడు. చిరిగిన అంచును అక్క నల్లదారంతో కుట్టిన టోపీ. అప్పుడర్థమైంది. తను వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తుతున్నాడు. రిబ్బన్లు విప్పుకుంటూ బావ తన దాకా వచ్చాడు. నంబరు అడగకుండా, ఎండ తగలకుండా నెత్తిన టోపీ పెట్టి, చూడనట్టు వెనక్కి వెళ్లిపోయాడు.

మలుపు తిరగగానే బావ కనిపించాడు. ఒళ్లో రిబ్బన్ల కుప్పతో, టోపీ లేని నెత్తితో, బండకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అతనికి ఒళ్లు మండిపోయింది.

"లేపొచ్చు కదా బావా. నువ్వు కూడా నిద్రపోతే ఎట్లా?"

చెయ్యి పట్టుకుని లాగాడు. బరువుగా లేచి, వదలగానే ఒళ్లో పడిపోయింది.

పరుగు నిర్వాహకులకు ఫోన్ చేశాక అతనికి చెయ్యడానికేమీ మిగల్లేదు. కోపం తగ్గలేదు. ఏడుపూ ఆగలేదు. ఛాతీ మీది నంబరు పీకి బావ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"తీసుకో బావా. దొరికిపోయాను."

స్ట్రెచర్ వచ్చింది. బావను కిందికి దించారు, వెంట అతనూ దిగాడు. మిగిలిన దారిలో రిబ్బన్లను మర్నాడు ఎవరో ముగింపు వైపు నుంచి విప్పుకుంటూ వచ్చి, అతను చెప్పిన చోటి దాకా బావ విప్పే ఉంటాడని ఒక చెట్టు ముందే ఆగిపోయారు. అతను నిద్రపోయిన చెట్టుకు మాత్రం ఒక ఎర్ర రిబ్బను అలాగే ఉంది.