దానికో గంట రెస్ట్

కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, ఎదురుగా దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, "కుర్చీలో వెన్ను నిటారుగా ఆనించి కూర్చోండి" అని ఇంగ్లీషులో టైప్ చేస్తున్నాను. నాకే నవ్వొచ్చింది.

పెళ్లయి ఐదు నెలలు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చినప్పటి నుంచీ నాకు ప్రతిదీ సంబరమే. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావడం, కిటికీ అద్దం మీద ఊది ఆ ఆవిరిలో మా ఇద్దరి పేర్లు రాయడం, సాయంత్రం మా ఆయన దేవకుమార్ బూట్లు విప్పకముందే "మణీ!" అని కేకేయడం. ఆయన కంపెనీ ల్యాప్‌టాప్‌లు తయారుచేస్తుంది. కొన్నవాళ్లు దాన్ని ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకం రాసే పని ఈసారి ఆయన మీద పడింది. "నీ ఇంగ్లీష్ నాకంటే నీట్‌గా ఉంటుంది. నీ వీసా మీద ఎలాగూ జాబ్ చెయ్యలేవు, పగలంతా ఖాళీయేగా" అన్నారు. ఎం.ఏ. చదివిన నా ఇంగ్లీషు అమెరికావాళ్లు చదువుతారా అని మురిసిపోయాను. మణికట్లు వంచకండి, అరగంటకోసారి లేచి వేళ్లు చాపండి, వాడనప్పుడు తెర ఆర్పితే బ్యాటరీ ఆదా, అన్నీ నేనే రాశాను. బల్ల నిండా ఆయన కాగితాలు. వెన్ను ఆనే కుర్చీ ఇంట్లో ఒక్కటే, అది ఆయనది. "నీకు కింద కూర్చోవడం అలవాటేగా" అన్నారు. అలవాటే. కూరగాయలు తరుగుతూ కూర్చోవడం వేరు, ఇలా రోజుకి ఆరుగంటలు కూర్చోవడం వేరు అని అనలేకపోయాను. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని తెర వెలుతురు కూడా ఆయనే తగ్గించారు. అక్షరాల కోసం మెడ వంచీ వంచీ మూడు వారాలయింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కుతున్నాయి. చెప్తే, "కొత్త కదా, సెట్ అయిపోతుందిలే" అన్నారు.

రేపు ఈస్టర్. మా తెలుగు చర్చిలో ఉన్న హార్మోనియం కరుణమ్మ ఆంటీ నెల్లూరు నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నది. "పండగ పాట నువ్వే వాయించాలమ్మా. దీని గొంతు సరిగ్గా విని ఏళ్లయింది" అంది నాతో. ఈ దేశంలో నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని ఒకటి దొరికిందని ఆ రోజు ఇంటికొచ్చేదాకా కార్‌లో పాడుతూనే ఉన్నాను. ఈ ఉదయం వంటగట్టు మీద వేళ్లతో ఆ పాట వాయించి చూసుకున్నాను. చూపుడువేలు గట్టుకి తగిలిందో లేదో తెలియలేదు.

ఉన్నట్టుండి తెర ఆరిపోయింది.

"ఏమైంది?" దేవకుమార్ పరుగున వచ్చారు. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూశారు. "అయ్యో, కాలిపోతోంది! దిండు మీద పెడితే వేడి ఎటు పోతుంది మణీ? పెట్టకూడదని నువ్వే రాశావుగా!"

"ఒళ్లో పెట్టుకుంటే చురుక్కుమంటోందండీ."

ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి, బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి, గాలి తగిలేచోట పెట్టారు. మూడు వారాల్లో మొదటిసారి ఆ బల్ల మీద చోటు దొరికింది.

"దానికో గంట రెస్ట్ ఇద్దాం. ఈలోపు నువ్వు వంట కానిచ్చెయ్యి."

ఉల్లిపాయ తరుగుతుంటే కత్తి రెండుసార్లు చేతిలోంచి జారింది. గంట తర్వాత ఆయన జ్వరం చూసినట్టు దాని మీద మునివేళ్లు ఆనించారు.

"చల్లబడింది. రా, మండేకి ఇచ్చెయ్యాలి."

వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. వెన్ను ఆనించాను. పాదాలు నేలమీద పరిచాను. నేను రాసినట్టే. కుడిచేతిని ఎడమచేతిలోకి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏంటి, టైప్ చెయ్యవా?"

"చెయ్యనండీ. రేపు పాటుంది. నా వేళ్లకి స్పర్శ తెలియట్లేదు."

పెళ్లయ్యాక ఆయన అడిగిన పనికి కాదనడం అదే మొదలు. ఇప్పుడైనా నా చెయ్యి పట్టుకుని చూస్తారనుకున్నాను. ఆయన గడియారం చూశారు.

నేను కుర్చీలోంచి లేవలేదు.