బొట్టు పెట్టుకున్న తెర

నేను ఒక తెరను. సినిమా తెరనని పొరబడకండి, అంత వైభోగం నాకు రాసిపెట్టి లేదు. ఒక జిల్లా కలెక్టరేట్‌లో, సమావేశ మందిరంలో, గోడకు సగం ఆక్రమించుకుని ఉండే టచ్ తెరను. నా నెత్తిన ఒక కెమెరా, కింద ఒక పొడవాటి స్పీకరు ఉన్నాయి. మేం ముగ్గురం కలిస్తే వీడియో కాన్ఫరెన్స్. ఆఫీసులో దాన్ని ముద్దుగా వీసీ అంటారు. ముద్దు పేరే గానీ, ఆ మాట వింటే ఇక్కడ ముద్ద దిగేవాళ్లు తక్కువ.

నేను పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. నన్ను తయారుచేసినవాళ్ల ముఖాలు నాకు తెలియవు, అందరూ ముసుగులేసుకుని ఉండేవారు. ఇటు పైకి అని బాణం గుర్తు వేసిన డబ్బాలో నన్ను పెట్టి పంపారు. ఓడ దిగి లారీ ఎక్కి హైదరాబాద్ చేరేదాకా ఆ బాణం నేల చూపులే చూసింది. అక్కడ కొన్నాళ్లు ఒక షోరూమ్‌లో నిలబెట్టారు. వచ్చినవాళ్లంతా వేలితో నా మీద తమ పేరు రాసుకుని, మురిసిపోయి, ధర అడిగి వెళ్లిపోయేవారు. చివరికి ఈ జిల్లావాళ్లు ధర అడిగాక కూడా నిలబడ్డారు. అలా ఇక్కడికి వచ్చాను.

నా పనితనం గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ మీకు అర్థం కాదు. నా అంచుల చట్రంలోంచి కంటికి కనపడని కాంతి గీతలు అడ్డంగా, నిలువుగా నా ముఖం మీదుగా పరుగెడుతుంటాయి. వేలు పెడితే ఆ గీతలు తెగుతాయి. ఎక్కడ తెగాయో అక్కడ వేలుందని నేను అనుకుంటాను. అది వేలే కానక్కర్లేదు, పెన్ను మూతయినా, ఈగయినా నాకు ఒకటే. ఒకచోట తెగితే నొక్కారనుకుంటాను. రెండుచోట్ల తెగి, ఆ రెంటి మధ్య ఎడం పెరిగితే బొమ్మను పెద్దది చేయమంటున్నారని, తగ్గితే చిన్నది చేయమంటున్నారని అనుకుంటాను. నాకు తెలిసిన విద్య ఇంతే.

నన్ను చూసుకునే మనిషి స్వరూప. ఒక ఏజెన్సీ తరఫున కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియన్. ఏటా మార్చితో గడువు తీరుతుంది, కలెక్టర్ మేడమ్ సరేనంటే మరో ఏడాది. భర్త ఆటో నడిపేవాడు. నడుముకు దెబ్బ తగిలి మంచాన పడ్డాక ఇంటికి ఆమె జీతమే దిక్కయింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. నాకెలా తెలిసిందంటే, మైకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటూనే ఇంటికి ఫోన్ చేసి భర్త మందులు వేసుకున్నాడో లేదో కనుక్కుంటుంది. మైకు ముందు మాట్లాడింది నాకు వినపడకుండా ఎలా ఉంటుంది?

ఇంకో మనిషి ఓదెలు. అటెండరు, తల నెరిసినవాడు. నా అద్దం తుడవడం, కుర్చీలు సర్దడం, టీలు అందించడం ఆయన పని. స్వరూప ఆయన్ను కాకా అంటుంది, ఆయన ఆమెను బిడ్డా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, ఒకే మందిరంలో ఇద్దరూ తిట్లు తినడం వల్ల కలిసిన వరస అది.

మొదటి ఏడాది నేను బుద్ధిగానే ఉన్నాను. ప్రతి సోమవారం రాజధాని నుంచి పెద్ద అధికారి నా మీద ప్రత్యక్షమయ్యేవాడు. జిల్లా అధికారులంతా ఆయనకు తల ఊపేవారు. మైకు ఆపి ఉందనుకుని ఆవలించేవారు, కెమెరా ఆపి ఉందనుకుని పల్లీలు తినేవారు. మేడమ్ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చి, మ్యాప్ మీద వేలు పెట్టి చెరువులూ రోడ్లూ చూపించేది. ఆ వేలు నాకు ఇష్టం. ఎక్కడ పెట్టాలో తెలిసిన వేలు.

దసరా వచ్చింది. ఆఫీసులో ఆయుధపూజ. జీపులకు, కంప్యూటర్లకు, జిరాక్స్ మిషనుకు బొట్లు పెట్టాక అందరూ నా దగ్గరికి వచ్చారు. మేడమ్ స్వయంగా నా చట్రం మూలన తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దింది. ఫొటోలు తీశారు. ఓదెలు ఒక బంతిపూల దండ తెచ్చి నా నెత్తి మీదుగా వేశాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు చాలా సంతోషమేసింది. షోరూమ్‌లో నన్ను అంతమంది ముట్టుకున్నారు గానీ, ఒక్కరూ దండం పెట్టలేదు.

ఆ తర్వాతి సోమవారమే నా పరువు పోయింది. మేడమ్ బొట్టు పెట్టిన చోటే నా కాంతి గీతలు బయల్దేరే మూల. పసుపు ఎండి గట్టిపడి, అక్కడ అడ్డం గీతా నిలువు గీతా రెండూ తెగిపోయాయి. నా లెక్కలో అక్కడ ఎవరో వేలు పెట్టి తీయడం లేదు. ఇక ఓదెలు దండ కొస నా ముఖం మీదికి జారి, ఏసీ గాలికి ఊగుతోంది. అది రెండో వేలు. దండ అటు ఊగితే పెద్దది చేయమన్నారనుకున్నాను, ఇటు ఊగితే చిన్నది చేయమన్నారనుకున్నాను. చెప్పినట్టు చేశాను. రాజధాని అధికారి పంటల గురించి మాట్లాడుతుండగా ఆయన ముఖం ఉబ్బి ఉబ్బి, చివరికి నా మీద ఆయన మీసం మాత్రమే మిగిలింది. ఆ మీసమే చాలాసేపు జిల్లా యంత్రాంగాన్ని మందలించింది. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"ఏమిటిది స్వరూపా?" అంది మేడమ్, పళ్ల బిగువున.

స్వరూప పరుగున వచ్చి నన్ను ఆపి, మళ్లీ వేసింది. మీసం పోయి ముక్కు వచ్చింది.

మర్నాడు ఆమె నన్ను పరీక్షకు పెట్టింది. కేబుళ్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసింది. తెర మీద చుక్కలు నొక్కి నొక్కి సరిచూసింది. అప్పటికి దండ వాడిపోయిందని ఓదెలు తీసేశాడు, ఏసీ కూడా మీటింగు రోజునే వేస్తారు. కాబట్టి నేను ఒక్క బొమ్మనూ ఉబ్బించలేదు. తెర మీద తిరిగే మౌస్ బాణం మాత్రం బొట్టున్న మూలకు పోయి ముడుచుకుని కూర్చునేది. మౌస్‌లో లోపమనుకుని కొత్త మౌస్ తెచ్చింది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "తెర మీదగానీ చట్రం మీదగానీ ఏమన్నా అంటుకుని ఉందా మేడమ్?" అని అడిగాడు.

"ఏం లేదు సార్, అంతా శుభ్రంగ ఉంది," అంది స్వరూప, నా బొట్టు వైపు చూస్తూనే.

ఆమె అబద్ధమాడలేదు. బొట్టు అంటుకున్న వస్తువు ఎలా అవుతుంది? ఓదెలు రోజూ నా అద్దమంతా తుడిచి, ఆ మూల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆపి, బొట్టు చెరగకుండా చుట్టూ వేలితో అద్దేవాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఇంతమంది మాటలు మోసుకొచ్చే నాకు సొంత మాట ఒక్కటి లేకపోవడం ఆ రోజుల్లోనే బాధనిపించింది.

టచ్ ఆపేస్తే పీడ పోతుందని ఒక సోమవారం స్వరూప దాన్ని ఆపేసింది. ఆ రోజు బొమ్మ నిలకడగానే ఉంది. కానీ మేడమ్ లేచి వచ్చి మ్యాప్ మీద గండిపడ్డ చెరువును చూపించబోతే నేను ఉలకలేదు, పలకలేదు. దానికీ చీవాట్లు స్వరూపకే. ఆ పై వారం టచ్ మళ్లీ పెట్టింది, ఆ మీసం మళ్లీ వచ్చింది.

ఆమెను చూస్తే ఓదెలుకు ప్రాణం ఉసూరుమనేది. "దిష్టి బిడ్డా, దిష్టి. గింత పెద్ద తెర మీద అందరి కండ్లు వడ్డయి," అని, మొదటి గొడవ తర్వాతి వారం నుంచే ప్రతి సోమవారం పొద్దున్నే కొత్త దండ తెచ్చి వేయడం మొదలుపెట్టాడు. నేను ఎంత గోల చేస్తే దండ అంత లావయ్యేది. దండ లావయిన కొద్దీ నా గోల పెరిగేది. ఆయన మనసు మంచిది. నన్ను ముంచుతున్నదీ ఆ మంచితనమే.

చివరికి ఆఫీసు పెత్తనం చూసే ఏఓ సారు స్వరూపను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, రేపటి సోమవారం వానల మీద వీసీ. పైనుంచి పెద్దోళ్లంత కూసుంటరు. గిట్లనే అయితే నా చేతిల ఏం లేదు. వేరే మనిషిని పంపుమని ఏజెన్సీకి చెప్పుమన్నరు మేడమ్. మార్చి దాక గూడ ఆగరు," అన్నాడు.

స్వరూప సరే సార్ అంది. ఆయన వెళ్లాక నా ముందు నిలబడి, బొట్టుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఆమె దండం అందుకునేంత గొప్పదాన్ని కాదు నేను. ఆమె పని ఊడగొడుతున్నదాన్ని.

సోమవారం ఆమె అందరికంటే ముందు వచ్చి, ఏసీతో సహా అన్నీ వేసి చూసింది. నేను కుదురుగానే ఉన్నాను. ఆమె కొంచెం ఊపిరి పీల్చుకుంది. అప్పుడే ఓదెలు మునుపెన్నడూ లేనంత పెద్ద దండతో వచ్చి, స్టూలెక్కి నా మెడలో వేశాడు. వేసీ వేయగానే మ్యాప్ ఉబ్బింది. స్వరూప చూస్తుండగానే జిల్లా అంతా పోయి ఒక్క వాగు మిగిలింది.

ఆమె నా దగ్గరికి వచ్చి దండ కొసను పైకెత్తింది. మ్యాప్ ఆగింది. వదిలింది. మ్యాప్ కదిలింది. మళ్లీ ఎత్తింది.

"కాకా," అంది నెమ్మదిగా, "దండ తియ్యి."

ఓదెలు ముఖం వాడిపోయింది. దండ తీసి చేత్తో పట్టుకున్నాడు. స్వరూప మ్యాప్ మీద ఒక వేలు పెట్టి జరిపింది. ఒక్క వేలే పెట్టింది, అయినా మ్యాప్ మళ్లీ ఉబ్బింది. రెండో వేలు ఎక్కడుందా అని నా అంచుల వెంట వెతుక్కుంటూ వచ్చి, మూల దగ్గర ఆగిపోయింది. ఆమె పర్సులోంచి చేతిరుమాలు తీసి నీళ్లసీసాతో తడిపింది.

"వద్దు బిడ్డా! మేడమ్ చేత్తోని వెట్టిన బొట్టది," అన్నాడు ఓదెలు.

అప్పటికే అధికారులు వచ్చి కూర్చుంటున్నారు. ఏఓ సారు కూడా లేచి, "ఆగమ్మా, మేడమ్‌ను ఒక్క మాట అడుగుదాం," అన్నాడు. మనుషులకు ఇదొక అలవాటు. ఇల్లు కాలుతున్నా, ఆర్పమనే మాట పైనుంచి రావాలి.

స్వరూప తడిగుడ్డను నా మూల దాకా తెచ్చింది. ఆపితే పని పోతుంది. తుడిచినా పని పోవచ్చు. ఆమె గుడ్డను బొట్టు మీద పెట్టి గట్టిగా తోమింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మేడమ్ లోపలికి వచ్చింది.

స్వరూప చేతిలో పసుపూ ఎరుపూ అంటిన గుడ్డ ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"మీరు వెట్టిన బొట్టు తుడుస్తున్న మేడమ్. దాంతోనే తెర గట్ల చేస్తున్నది. అది వేలనుకుంటున్నది." దండ మాట ఆమె ఎత్తలేదు. ఓదెలు తలుపు పక్కన దండను గుండెలకు పొదువుకుని నిలబడే ఉన్నాడు.

మేడమ్ ఏదో అనబోయింది. అంతలో రాజధాని అధికారి నా మీద ప్రత్యక్షమై, "ఆ, చెప్పండి కలెక్టర్ గారూ," అన్నాడు. ఆయన పూర్తి ముఖాన్ని చాలా రోజులకు చూసి జిల్లా అధికారులు కొంచెం ఆశ్చర్యపోయారు. మేడమ్ లేచి వచ్చి నా మీద వేలు పెట్టింది. ఏ చెరువు చూపిస్తే ఆ చెరువు దగ్గరే నిలిచాను. రెండు వేళ్లతో పెద్దది చేయమంటే చేశాను, చాలనగానే ఆగాను. జన్మలో అంత శ్రద్ధగా నేను పనిచేయలేదు. స్వరూప మాత్రం మూలన నిలబడి నా వైపు చూడనే లేదు, నేల చూస్తూ ఉండిపోయింది.

సమావేశం ముగిసింది. అధికారులు కాగితాలు సర్దుకుని గబగబా బయటపడ్డారు, తిట్లు పడే చోట సాక్షులుగా ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. మేడమ్ తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఇన్నాళ్లూ ఎందుకు తుడవలేదు?"

"మీరు వెట్టింది గదా మేడమ్. దాన్ని అనుమానించాలె అన్న ఆలోచనే రాలే."

మేడమ్ నా ఖాళీ మూల వైపు కాసేపు చూసింది. సారీ చెప్పలేదు, ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు చెప్పగా నేనింతవరకు వినలేదు. "వచ్చే దసరాకు బొట్టు ఎక్కడ పెట్టాలో నువ్వే దగ్గరుండి చూపించు," అని వెళ్లిపోయింది.

స్వరూప ముందు వరసలో ఒక కుర్చీ లాక్కుని కూలబడింది. అధికారులు కూర్చునే ఆ కుర్చీలో ఆమె ఏనాడూ కూర్చోలేదు. చున్నీతో ముఖం కప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి.

అధికారులతో పాటు బయటికి వెళ్లిన ఓదెలు కంగారుగా లోపలికి వచ్చాడు. "ఏమన్నది బిడ్డా? తీసేసిందా? నా దండతోనే గద అయింది. నేను పోయి చెప్త మేడమ్‌కు, తప్పు నాదని చెప్త."

"ఎటూ పోకు కాకా, కూసో," అంది స్వరూప చున్నీ తీసి. ఏడుస్తూనే నవ్వుతోంది. "వచ్చే దసరాకు గూడ నేను ఈడనే ఉంటనట."

ఓదెలుకు ఆ మాట ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక, దండను ఎక్కడ పెట్టాలో తోచక తన మెడలోనే వేసుకుని, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. నా నెత్తిన కెమెరా ఇంకా వెలుగుతూనే ఉంది. నాలో వాళ్లిద్దరి బొమ్మా కనిపిస్తోంది, పెద్దది కాకుండా, చిన్నది కాకుండా.