గోడది ఏ పార్టీ

“తెల్ల రంగుల గూడ లోపట ఏదో ఒక రంగు దాక్కొని ఉంటది, సూస్కోండ్రి. అదే మన కొంప ముంచుతది.”

రుక్మిణమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంకా డబ్బా మూత కూడా తీయలేదు. రంగులేసే బీరయ్య అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కొడుకు రంజిత్ మొయినాబాద్ నుంచి తెచ్చిన చిన్న డబ్బాలు కిటికీ కింద ఉన్నాయి. జరగబోయే చెడును ముందే కళ్ల ముందు ఆడించుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. బోరు మోటారు వేస్తే షాకు కొడుతుందనీ, వేయకపోతే చేను ఎండుతుందనీ, ఎవరైనా తుమ్మితే డెంగీ అనీ ఆమె భయం.

ఈసారి భయానికి అసలైన కారణమే ఉంది. ఊరి సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చింది. తన పెళ్లాం సమత నిలబడుతుందని రంజిత్ చాయ్ హోటల్లో చెప్పాడు, పాలకేంద్రం దగ్గర చెప్పాడు, మెహదీపట్నం బస్సులో పక్క సీటు మనిషికీ చెప్పాడు. సమతకు చెప్పాడో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. చేవెళ్లలో నామినేషన్లకు రేపే ఆఖరు. హిమాయత్‌నగర్‌లో పుట్టి డిగ్రీ దాకా చదివిన ఆ పిల్ల అవుననలేదు, కాదనలేదు. చాయ్ ఇస్తుంది, కప్పులు తీసుకుపోతుంది, అంతే. రేపు తెల్లారి నలుగురి ముందు నాతో కాదంటే? బ్యాగు సర్దుకుని పుట్టింటికి ఆటో ఎక్కితే?

అడిగేద్దామంటే రుక్మిణమ్మకు నోరు రాలేదు. కాదంటే పరువు పోతుంది. అవునంటే ఓడిపోవచ్చు. అంతకంటే ఘోరం, గెలవచ్చు. గెలిస్తే ఊళ్లోని మోరీలన్నీ అయిదేళ్లపాటు వీళ్ల హాల్లోకే వచ్చి పారతాయి.

ఆ హాలుకే ఇప్పుడు రంగు. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవనేది కాగితం మీది మాట. ఊళ్లో ఎవరి కుక్క ఏ పార్టీదో కూడా అందరికీ తెలుసు. రంజిత్‌కు అందరి ఓట్లూ కావాలి కాబట్టి ఏ పార్టీదీ కాని తెలుపు వేద్దామన్నాడు. ఉత్త తెలుపు వేస్తే ఇల్లు దవాఖానలా ఉంటుందని, దవాఖానలాంటి ఇంటికి రోగం వెతుక్కుంటూ వస్తుందని రుక్మిణమ్మ అడ్డం పడింది. సరేనని అతను జర వెచ్చగా కనబడే తెలుపులు తెచ్చాడు. ఒకటి ఐవరీ, ఒకటి లిల్లీ, ఇంకోటి క్రీమ్. డబ్బాల్లో చూస్తే మూడూ ఒకే బర్రె పాలు.

చూసుకోవడానికి వీలుగా ఉంటుందని బీరయ్య మూడింటినీ హాలు గోడ మీద పక్కపక్కనే ఒక్కోటీ చాపంత పూశాడు. అక్కడే వచ్చింది తంటా. ఒంటరిగా ఉంటే తెల్లగానే ఉండేవి. పక్కపక్కన ఎండేసరికి ఒకదాన్ని చూసి ఒకటి రంగు బయటపెట్టాయి. లిల్లీ గులాబిలోకి దిగింది. క్రీమ్ కాషాయం వైపు వాలింది. ఐవరీలో పచ్చ తేలింది. మూడు మచ్చల్లో మూడు పార్టీల జెండాలు కనబడ్డాయి రుక్మిణమ్మకు. కాకుంటే ఇంకో కోటు కొడదామని బీరయ్య నిమ్మళంగా చెప్పి ఇంకో బీడీ తీశాడు.

పొద్దు వాలకముందే ఎన్నిక సంగతి మాట్లాడటానికి ఊరి పెద్దమనుషులు వచ్చారు. ముందు మల్లేశ్ వచ్చాడు. ఊళ్లోకి వచ్చిన ప్రతి పార్టీ కండువానూ కప్పుకుని, ఉతికి, మడతపెట్టి దాచుకున్న మనిషి ఆయన. అలవాటుగా కుర్చీ లాక్కుని లిల్లీ కింద కూర్చున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆయన తల మీది గోడను చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, కుర్చీలు ఎత్తుకుని ఎవరి మచ్చ కిందికి వాళ్లు జరిగారు. ఎటూ తేల్చుకోలేనివాళ్లు గడపలోనే నిలబడి చాయ్ తాగారు. మాటంతా గోడ మీదికే పోయింది. మల్లేశ్ పైకి చూసి, గులాబిని మొదట ఎందుకు పూశారని, దాని అర్థమేమిటని అడిగాడు. గోడ కుడి పక్క నుంచి మొదలుపెట్టానని బీరయ్య చెప్పాడు. ఆ జవాబులోనూ ఏదో ఉందని అందరికీ అనిపించింది.

వాళ్లు వాకిలి దాటకముందే ఆ గోడ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. రంజిత్ ఎటు దుంకుతున్నాడని కింద ఎవరో రాశారు. చేవెళ్ల నుంచి పార్టీలవాళ్ల ఫోన్ల మీద ఫోన్లు. అతను పెరట్లో తిరుగుతూ, అన్నా అది ఉత్త తెలుపే, నీ మీద ఒట్టు, అని అందరికీ ఒకే ఒట్టు పెడుతున్నాడు.

రుక్మిణమ్మకు ఒక ఉపాయం తోచింది. మూడు డబ్బాలూ ఒకే బకెట్‌లో పోసి కలపమంది. అందరూ ఉంటారు, ఎవరూ కనబడరు. బీరయ్య కట్టెతో తిప్పి గోడకు ఒక గీత కొట్టాడు. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

“కుడితి లెక్కున్నది అవ్వ. గోడకెందుకు, బర్రెకు పొయ్యి.”

నిజంగానే కుడితి. కింది పాత రంగుల చారలన్నీ అందులోంచి తేలి, అంచున ఇంకా గులాబి కారుతూ ఉంది. రుక్మిణమ్మకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. నవ్వితే కీడు అని వెంటనే ఆపుకుంది. గోడ దారి గోడదే. అసలు నిలబడే మనిషే ఉందో లేదో తెలియకుండా ఎందుకీ ఆరాటమని మొదటిసారి తోచింది.

వంటింట్లో సమత అనపకాయలు ఒలుస్తోంది. రుక్మిణమ్మ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచింది. ఒక కాయలో పురుగుంది. అదీ అపశకునమేనేమో అనుకుని పక్కన పడేసింది.

“బిడ్డా, నిలవడ్తవా నువ్వు? ఊరంత అనుకుంటున్నది. నిన్ను నేనే అడుగలే. వద్దనుకుంటె వద్దను. వాన్ని నేను సముదాయిస్త.”

సమత చేతులు ఆగలేదు. గింజలు గిన్నెలో పడుతున్నాయి. బయట రంజిత్ ఇంకెవరికో ఒట్టు పెడుతున్నాడు. సమత తొక్కలన్నీ ఒకచోటికి నెట్టింది, కొంగు దులుపుకుంది. రుక్మిణమ్మ అప్పటికే మనసులో ఆటోను పిలిచి, బ్యాగు ఎక్కించి, వియ్యపురాలి ముందు తల దించుకుని నిలబడింది కూడా. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే సమత లేచి మంట తగ్గించింది. ఇటు తిరిగింది.

“నిలవడ్త అత్తమ్మ. కని రేపు చేవెళ్లకు నా ఎంబడి నువ్వే రావాలె. ఆయన ఇంటికాడ ఉండి గోడకు ఇంకో డబ్బ క్రీమ్ తెచ్చి ఏపియ్యనీ. చాయ్ మరక పడ్డా కనవడదు.”